గరగర వెనుక పేర్లు

మొన్న వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కకు తాళలేక ఇంటిల్లిపాదీ మేడ మీదికి చేరాం. మా అమ్మాయి తన ఫోనులో ఒక పాట పెట్టింది. ఘంటసాల గొంతు అని వినగానే తెలుస్తూనే ఉంది. అయినా ఏదో తేడా. మాటలు సాగి సాగి వస్తున్నాయి. గొంతు బావిలోంచి వస్తున్నట్టు మందంగా ఉంది. వెనక వాన చప్పుడు. అన్నిటికీ మించి, పాత గ్రామఫోను ప్లేటు మీద సూది గీసుకుంటున్నప్పటి గరగర.

"బ్యాటరీ అయిపోతోందేమో చూడమ్మా" అన్నాను.

పకపకా నవ్వింది. "బ్యాటరీకేం కాలేదు నాన్నా. కావాలనే ఇలా చేస్తారు. ఇలా వింటేనే బాగుంటుంది" అంది.

నా అనుమానానికి కారణం ఉంది. మా కాలంలో టూ-ఇన్-వన్‌లో బ్యాటరీలు దిగిపోతే సుశీలగారు కూడా మగగొంతుతో పాడేవారు. బ్యాటరీలు తీసి కాసేపు ఎండలో పెట్టి మళ్ళీ వేసుకునేవాళ్ళం. మేం అన్ని తిప్పలు పడి వదిలించుకున్న లోపాన్ని ఈ తరం కోరి తెచ్చుకుంటోందన్నమాట.

ఫోను చేతిలోకి తీసుకుని చూశాను. తెర మీద గులాబిరంగు ఆకాశం, రైలు కిటికీ, అద్దం మీద వాన చినుకులు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో పాటలోని రెండు మాటలు, పాత హైదరాబాదు రాత్రులు అని అర్థం వచ్చే ఇంకో ముక్క. అంతే. పాడినవారి పేరు లేదు, రాసినవారి పేరు లేదు, బాణీ కట్టినవారి పేరు లేదు. ఆ పాట 1950లలో మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలో, వడపళనిలో రికార్డయింది. హైదరాబాదుకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఆ రాత్రి రెండు ప్రశ్నలు నన్ను పట్టుకున్నాయి. ఈ పిల్లలు చేస్తున్నదేమిటి? పాటకు పేరు ఎక్కడ, ఎప్పుడు ఊడిపోయింది? మొదటిదానికి జవాబు మా అమ్మాయే చెప్పింది. రెండోదాన్ని వెతుక్కుంటూ పోతే అది చివరికి నా దగ్గరికే వచ్చి ఆగింది.

పాత పాటను నెమ్మదిగా తిప్పి కొత్త రుచి తేవడం ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో డీజే స్క్రూ అనే ఆయన 1990లలో ప్లేట్ల వేగం తగ్గించి, అక్కడక్కడా ముక్కలు చేసి, కాసెట్లకెక్కించి అమ్మేవాడు. 2000లో చిన్న వయసులోనే పోయాడు. 2010లో డేనియల్ లొపాటిన్ అనే సంగీతకారుడు చక్ పర్సన్ అన్న మారుపేరుతో 1980ల నాటి పాటల ముక్కలను సాగదీసి, ప్రతిధ్వని చేర్చి, కొద్ది కాసెట్లుగా విడుదల చేశాడు. 2011 డిసెంబరులో రామోనా జేవియర్ అనే ఆమె మెకింతోష్ ప్లస్ అన్న పేరుతో 'ఫ్లోరల్ షాప్' అనే సంపుటం ఇంటర్నెట్టులో పెట్టింది. అందులో అందరి నోటా పడ్డ పాట, డయానా రాస్ 1984లో పాడిన పాటను నెమ్మదించి చేసినదే.

ఈ పద్ధతికి వేపర్‌వేవ్ అని పేరొచ్చింది. వస్తుంది వస్తుందని ప్రకటించి, ఎప్పటికీ బజారుకు రాని కంప్యూటరు సరుకును ఆ వ్యాపారంలో వేపర్‌వేర్ అంటారు. ఆ మాటను మెలిపెట్టి ఈ పేరు పుట్టించారు. దీనికి బొమ్మలు కూడా ఒక పద్ధతి ప్రకారం ఉంటాయి. గ్రీకు రోమను విగ్రహాల తలకాయలు, తొలినాటి కంప్యూటర్ల తెరలు, జపాను అక్షరాలు, గులాబి, ఊదా రంగులు, ఖాళీ షాపింగు మాళ్ళు. మొదట్లో ఇదంతా 1980ల వ్యాపార ప్రపంచం మీద వెక్కిరింత. ఆ కాలం ఎంతో సుఖం తెస్తానని చెప్పి తేలేకపోయిందని ఎత్తిపొడుపు. పోను పోను వెక్కిరింత తగ్గి బెంగ మిగిలింది. అదీ, చూసినవాళ్ళకు కాదు. ఆ కాలాన్ని చూడనివాళ్ళకు.

ఈ గాలి మనదేశానికీ వచ్చింది. దూరదర్శన్ గుర్తు, ప్రసారం ఆగినప్పుడు వేసే చింతిస్తున్నామనే పలక, గీతలు గీతలుగా కదిలే వీడియో బొమ్మ ఇప్పుడు కుర్రవాళ్ళ చొక్కాల మీద కనిపిస్తున్నాయి. ఆంధ్రదేశపు పిల్లలు "అంతరాయానికి చింతిస్తున్నాం" అని వేసుకుంటారు. 1975 ఆగస్టు 15న మొదలైన మదరాసు దూరదర్శన్‌ను చూసి పెరిగిన మాకు ఆ పలక "తడంగలుక్కు వరుందుగిరోం" అనే గుర్తు. ఎక్కడి తెలుగువాడికి అక్కడి బెంగ. మాది సగం తమిళంలో ఉంటుంది. దానికి సిగ్గుపడవలసిందేమీ లేదు.

ఇక రెండో ప్రశ్న. పాటకు పేరు ఎక్కడ ఉండేది?

మన కావ్యాలకు ఆశ్వాసాంత గద్య ఉండేది. ప్రతి ఆశ్వాసం చివరా కవి తన పేరు, తండ్రి పేరు, గురువు పేరు చెప్పుకునేవాడు. తాటాకులు చెదిరినా, ఒక్క ఆశ్వాసమే దొరికినా, అది ఎవరిదో తెలిసేది. గ్రామఫోను వచ్చినప్పుడు మొదట్లో ఇలాంటి ఏర్పాటే ఒకటి దానంతటది ఏర్పడింది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన పాటలు రికార్డు చేసినప్పుడు, గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. అప్పట్లో ప్లేట్లు జర్మనీలోని హానోవరులో అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్ళకు మన భాష రాదు. చివర వినిపించే పేరును బట్టి కాగితం అతికించేవారు. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం పెట్టాక ఆ అవసరం తీరింది. పేరు గొంతులోంచి ప్లేటు నడుమ ఉన్న గుండ్రని కాగితం మీదికి దిగింది.

ఆ కాగితం చిన్నదే గాని దాని మీద చాలా ఉండేది. కంపెనీ పేరు, వరుస సంఖ్య, పాడినవారు, భాష, ఒక్కోసారి రాగం, తాళం, నాటకం పేరు. లక్కతో చేసిన ఆ ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరిగేది. వైపుకు మూడు, మూడున్నర నిమిషాల పాట. ప్రతి వైపుకూ కొత్త సూది వేయాలి. మదరాసు ఈ వ్యాపారానికి దక్షిణాదిన పెద్ద కేంద్రం. ఎ.వి. మెయ్యప్పన్ భాగస్వామిగా 1932లో మొదలైన సరస్వతీ స్టోర్స్ ఓడియన్ ప్లేట్లు తీసింది. కుక్కబొమ్మ కంపెనీ హెచ్.ఎం.వి. సరేసరి. తెలుగు నాటకాల పద్యాలు, హరికథలు, దేశభక్తి గీతాలు, లలిత గీతాలు ప్లేట్లకెక్కాయి. ఎస్. రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి గార్ల లలిత గీతాలు, జాషువా, కరుణశ్రీ వంటి కవుల పద్యాలు జనం ఇళ్ళల్లోకి వచ్చిన దారి ఇదే.

పేరు కాగితం మీద ఉండడం వేరు, జనానికి గుర్తుండడం వేరు. శంకరంబాడి సుందరాచారి గారి తెలుగుతల్లి గీతాన్ని 'దీనబంధు' సినిమా కోసం రాశారు, సినిమాలో చేరలేదు. రూ.116 ఇచ్చి హెచ్.ఎం.వి. తీసుకుందని చెబుతారు. టంగుటూరి సూర్యకుమారి గొంతుతో అది ఊరూరా తిరిగింది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. పాట రాని తెలుగువాడు లేడు. కవి పేరు తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. ఆయన 1977లో పోయారు.

సినిమా పాటకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. 1949లో వచ్చిన హిందీ 'మహల్' సినిమా పాట ప్లేటు మీద లతా మంగేష్కర్ పేరు లేదు. సినిమాలో పాత్ర పేరు కామిని అని ఉంది. ఎవరీమె అని రేడియోకు ఉత్తరాలు వచ్చిపడితే గాని అసలు పేరు బయటికి రాలేదు. అంటే పేరు ఊరికే రాలేదు. విన్నవాళ్ళు అడిగితే వచ్చింది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి; మళ్ళీ దీనితో పనుంది.

రేడియోలో పేరు మళ్ళీ గొంతుకెక్కింది. మదరాసు ఆకాశవాణి 1938 జూన్ 16న ఎగ్మూరులో ప్రారంభమైంది. తమిళం, తెలుగు రెండూ వినిపించేవి. బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో ఇక్కడే ఉద్యోగంలో చేరారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15న ఆయన రాసి బాణీ కట్టిన గీతాన్ని సూర్యకుమారి ఈ కేంద్రం నుంచే పాడారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక తెలుగు ప్రసారాల బరువు అటు జరిగింది. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చింది. సిలోను రేడియోలో మీనాక్షి పొన్నుదొరై గారి తెలుగు వినని పాతతరం లేదు. ఎవరైనా సరే, పాటకు ముందు చిత్రం, రచన, సంగీతం, గానం చెప్పి తీరేవారు. ఆ నాలుగు మాటలు విని విని అక్షరం రాని అవ్వలకు కూడా పింగళి, సముద్రాల, పెండ్యాల, సాలూరి పేర్లు నోటికి వచ్చేవి.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మదరాసు మనది కాకుండా పోయింది. రాష్ట్రం వెళ్ళిపోయింది గాని పాట వెళ్ళలేదు. మరో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు సినిమా పాట అన్నది కోడంబాక్కం, వడపళని, త్యాగరాయనగర్ మధ్యనే పుట్టింది. 1957లో వచ్చిన 'మాయాబజార్' పాటలు కూడా ఇక్కడివే. 1970ల నుంచి ఒక్కొక్కరే హైదరాబాదు తరలి, 1990ల నాటికి ఇక్కడి తెలుగు రికార్డింగులు పలచబడ్డాయి. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆయన భగవద్గీత రికార్డు ఆ తరవాత విడుదలైంది. ఇంటింటా పొద్దున్నే వినిపించే ఆ గొంతు చెన్నపట్నంలో రికార్డయిందని ఇవాళ ఎంతమందికి తెలుసు? గులాబిరంగు ఆకాశం కింద హైదరాబాదు అని రాసిన కుర్రవాడిని తప్పు పట్టలేను. తెలుగుపాట అంటే హైదరాబాదే అని వాడికి అందరూ చెప్పారు. కాదని చెప్పవలసినవాళ్ళం మనం. మనం చెప్పలేదు.

ఇక కాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో కనిపెట్టిన ఈ డబ్బా 1980లలో మన ఇళ్ళను ముంచెత్తింది. బర్మాబజారులో టేపురికార్డరు, వీధి మొగలో రికార్డింగు సెంటరు. ఖాళీ కాసెట్టు, పాటల చీటీ ఇచ్చి వస్తే రెండు రోజుల్లో మనకు కావలసిన పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. నేను కాలేజీలో బి.కాం. చదువుతున్న రోజులు. నా చీటీల్లో ఏముండేది? ఎన్టీఆర్ హుషారు పాటలు ఆరు, ఏఎన్నార్ విషాద గీతాలు ఆరు. పాట మొదటి మాట, సినిమా పేరు, హీరో పేరు. అట్టమీద కూడా అదే రాసుకునేవాణ్ణి. రాసినవారు, బాణీ కట్టినవారు, చివరికి పాడినవారు కూడా నా చీటీలో లేరు. తరవాత 2000 ప్రాంతంలో పేవుమెంటు మీద ఒక్క డిస్కులో నూటయాభై పాటలు అమ్మారు; అందులో పాటకు సంఖ్య మాత్రం మిగిలింది. ఆ తరవాతిది ఇప్పటి గులాబిరంగు ఆకాశం. కాబట్టి పేరు తీసేసింది ఈ పిల్లలు కాదు. వాళ్ళకు చేరేనాటికే లేదు. దాన్ని మొదట వదిలేసిన చేతుల్లో నా చెయ్యీ ఉంది.

అంతకంటె పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. మా తాతగారు నెల్లూరు నుంచి వచ్చి జార్జిటౌనులో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా జీవితమంతా గడిపారు. ఆయనకు ఒకే ఒక్క వ్యసనం, గ్రామఫోను. పండక్కి అందరికీ బట్టలు, తనకు ఒక ప్లేటు. ఆయన పోయాక పెట్టె అటక ఎక్కింది. 1986లో నాకు టేపురికార్డరు మార్చి కొత్తది కొనాలనే పిచ్చి పట్టింది. డబ్బు చాలలేదు. అంతకు ముందు ఏడాది మే నెలలో మూర్‌మార్కెట్టు కాలిపోయింది. ఉంటే అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి, కనీసం తెలిసినవాళ్ళ చేతుల్లో పడేవి. ఒక పాత సామాన్ల కొట్టుకు ప్లేట్లూ పెట్టే కలిపి ఇచ్చేశాను. కొట్టువాడు గొట్టాన్ని ఇత్తడా కాదా అని గీకి చూశాడు గాని ప్లేట్లను చూడనైనా లేదు. సాయంత్రం నాన్నగారు అటక కేసి ఒకసారి చూసి ఊరుకున్నారు. ఏమన్నా తిట్టి ఉంటే ఇప్పటికి మరిచిపోయేవాణ్ణేమో.

ఇప్పుడు ఆ గరగర శబ్దాన్ని పిల్లలు కంప్యూటరులో తయారుచేసి పాట మీద చల్లుకుంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలు గరగరను కిలోల లెక్కన అమ్ముకున్నవాణ్ణి నేను.

అయినా ఈ నెమ్మది పాటలను కొన్నాళ్ళు శ్రద్ధగా విన్నాను. నచ్చని సంగతులు ముందు చెబుతాను. వేగం నూటికి ఇరవై వంతులు తగ్గిస్తే, హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి దాదాపు నాలుగు మెట్లు శ్రుతి దిగుతుంది. అయిదున్నర శ్రుతిలో పాడిన ఆడగొంతు మూడుకు దిగిపోతుంది. ఆ గొంతుకు దేవుడిచ్చిన స్వభావమే మారిపోతుంది. తెలుగుకు మాత్ర ప్రాణం. అంతా ఒకే కొలతలో సాగినా, చెవికి లఘువు గురువులా తగులుతుంది. తెలుగు సరిగా రాని పిల్లలు దీన్నే వింటే మాట పోల్చుకోలేరు. పైగా సంతోషంగా పాడిన పాట కూడా ఏడుపుపాట అయి కూర్చుంటుంది.

మెచ్చుకోవలసినదీ ఉంది. నాటకాల రోజుల్లో పద్యం చివర రాగం తీయడం మొదలుపెడితే, వన్స్ మోర్ అంటూ జనం కేకలు వేస్తే, ఒక్క పద్యం ఎంతసేపు నడిచేదో లెక్క లేదు. గ్రామఫోను వచ్చి దాన్ని మూడున్నర నిమిషాల్లోకి కుదించింది. రాగాలన్నీ తరిగి, సూది చివరికి రాకముందే ముగించాలని తరుముకుంటూ పాడారు. ఆనాటి పెద్దలు పద్యం చచ్చిపోయిందని బాధపడే ఉంటారు. ఇప్పుడు ఎవరో పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆ కుదించిన పద్యాన్ని మళ్ళీ సాగదీస్తోంది. యంత్రం ఒకప్పుడు తీసుకున్నదాన్ని యంత్రమే కొంత తిరిగి ఇచ్చినట్టు లేదూ? ఒకరి పాటను ఒకరు మార్చుకోవడం మనకు కొత్త కాదు. మన రంగస్థలం 1880లలో వచ్చిన ధార్వాడ నాటక సమాజం వరసలను తనవి చేసుకుంది. జరుక్‌శాస్త్రి పేరడీలు మూలకవి మీద ప్రేమతోనే పుట్టాయి. మార్పు తప్పు కాదు. 'మాయాబజార్'కు 2010లో రంగులద్దారు. నలుపు తెలుపు ముద్దన్నవాళ్ళూ ఉన్నారు, పిల్లలను తీసుకెళ్ళి సంబరపడ్డవాళ్ళూ ఉన్నారు. అందరికీ అది ఎవరి సినిమానో తెలుసు. తేడా అక్కడే ఉంది.

పోయిందనుకున్నదాన్ని పరాయివాళ్ళు బతికించిన సందర్భాలూ ఉన్నాయి. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను సింథసైజరు మీద డిస్కో తాళంలో వాయించి ఒక రికార్డు ఇచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో అది విదేశంలో మళ్ళీ విడుదలైతే, ప్రపంచం ముక్కున వేలేసుకుంది. ఆయన 2015లో పోయేలోగా ఆ గౌరవం చూసుకున్నాడు. జపాను గాయని మారియా తకెయూచి 1984లో పాడిన 'ప్లాస్టిక్ లవ్' అనే పాటను 2017లో ఎవరో ఇంటర్నెట్టులో పెడితే లక్షలాది మంది విన్నారు. అందులో వాడిన ఆమె ఫొటో అమెరికా ఫొటోగ్రాఫరు అలన్ లెవెన్సన్ తీసినది. ఆయన అభ్యంతరం చెప్పి, చివరికి తన పేరు వేయించుకున్నాడు. అడిగితే పేరు వస్తుంది. లతా మంగేష్కర్ విషయంలో 1949లో జరిగిందీ ఇదే.

మన చట్టం ఏమంటుందో కూడా చూశాను; ఉద్యోగరీత్యా నిబంధనలు చదవడం అలవాటు. 1957 నాటి కాపీరైటు చట్టంలో మొదట ఉన్న 50 ఏళ్ళ గడువును 1992లో 60 చేశారు. రికార్డింగు అయితే విడుదలైన మరుసటి ఏడాది నుంచి, సాహిత్యమూ బాణీ అయితే కర్త పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అందుకని ఘంటసాల గారి ప్లేటు పాతదై గడువు తీరినా, ఆయన కట్టిన బాణీకి 2034 చివరి దాకా హక్కు ఉంది. అదే చట్టం 57వ సెక్షనులో ఇంకో మాట ఉంది. ఆదాయపు హక్కు ఎవరికి అమ్ముకున్నా, ఇది నేను చేసినది అని చెప్పుకునే హక్కు కర్తదే. పేరు అమ్ముడుపోయే సరుకు కాదని చట్టానికే తెలుసు.

అన్నమయ్య సంగతి నాకు తరచు గుర్తొస్తుంటుంది. తిరుమల రాగిరేకుల మీద ఆయన సంకీర్తనలు వేలు దొరికాయి. సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, కర్త పేరు ఉంది. వరస మాత్రం పోయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు కొత్తగా స్వరపరిస్తే గాని అవి మళ్ళీ పాటలు కాలేదు. మన కాలానికి వచ్చేసరికి తలకిందులైంది. వరస మిగిలింది, గొంతు మిగిలింది, ఊపిరి తీసిన చప్పుడు కూడా మిగిలింది, పేరు పోతోంది. పోయిన వరసను పండితులు మళ్ళీ కట్టగలిగారు. పోయిన పేరును ఎంత పండితుడైనా ఊహించి కట్టలేడు.

2019లో నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టెలో పొడుగాటి చిట్టాపుస్తకం ఒకటి దొరికింది. తాతగారిది. కొట్టులెక్క అనుకుని తెరిస్తే, పైన శ్రీ చుట్టి, కింద గొలుసుకట్టు రాతలో వరసగా ప్లేట్ల జాబితా. సంఖ్య, కంపెనీ, పాడినవారు, రాసినవారు, కొన్న తేదీ, ధర. ఒకచోట రెండు రూపాయల పన్నెండణాలు, పక్కన దీపావళి అని. మొత్తం 72 పద్దులు. ఆస్తి నేను అమ్మేశాను. ఆవర్జా మాత్రం ఆయన భద్రంగా వదిలిపోయారు.

మేడమీది రాత్రి తరవాత ఆ పుస్తకం మా అమ్మాయికి చూపించాను. తనకు తెలుగు మాట బాగా వచ్చు, చదవడం అంతంత మాత్రం. తమిళం అందరికీ తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు బడిలో తెలుగు అక్షరం అందడం మరీ కష్టమైంది. మనమూ ఇంటి దగ్గర నేర్పలేదు. గొలుసుకట్టు నాకే కష్టం. ఇద్దరం కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాం. ఇది 'ళ'యా 'శ'యా అని తగవులాడుకున్నాం. ఒక్కో పేరు తేలగానే తను ఇంటర్నెట్టులో వెతికేది. ఎక్కడెక్కడో ఉన్న సేకర్తలు తమ ప్లేట్లను ఎక్కించి పెట్టారు. ఈ ఊళ్ళోనే వి.ఎ.కె. రంగారావు గారి వంటివారు ఒక జీవితకాలం వేల ప్లేట్లు పోగుచేసి, వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టకపోతే మనకు ఈపాటి ఆనవాళ్ళు కూడా ఉండేవి కావు. మూడు నెలల్లో 72 పద్దుల్లో 31కి పాట దొరికింది. మిగిలిన 41 అలాగే ఉన్నాయి. అవి ఎవరింట్లోనో ఉండి ఉండవచ్చు.

కిందటి నెల మా అమ్మాయి తానే ఒక నెమ్మదిపాట చేసింది. గడువు తీరని పాట ముట్టుకోవద్దని నేను ముందే షరతు పెట్టాను. అద్దంకి శ్రీరామమూర్తి గారు పాడిన పాండవోద్యోగ విజయాల పద్యం తీసుకుంది. తిరుపతి శాస్త్రి గారు ముందే పోయారు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1950లో పోయారు గనక లెక్క సరిపోయింది. వాన చప్పుడు పెట్టింది. గరగర కొత్తగా కలపనక్కర లేకపోయింది, ప్లేటులోనే కావలసినంత ఉంది. పద్యం చివరి రాగం సాగుతూ సాగుతూ చీకట్లో కలిసిపోయింది. నాకు పూర్తిగా నచ్చిందని చెప్పలేను. అంతా అయ్యాక, సూది ఇంకా తిరుగుతుండగా, తన గొంతుతో నెమ్మదిగా చదివింది. పాడినవారు ఎవరు, పద్యం ఎవరిది, నాటకం ఏది, కంపెనీ ఏది, ప్లేటు సంఖ్య ఎంత. చివర, చెన్నపట్నంలో మా ముత్తాతగారు దీపావళికి కొన్న ప్లేటు అని చేర్చింది.

పాఠకుల్లో ఎవరి అటక మీదనైనా ప్లేట్లుంటే, కాసెట్లుంటే, వాటి మీది కాగితాలు ముందు చదివి ఎక్కడైనా రాసి పెట్టండి. శబ్దాన్ని ఎక్కించి పెట్టేవాళ్ళు ఎక్కడో ఒకచోట దొరుకుతారు. ఆ కాగితం చిరిగితే మాత్రం రెండోది లేదు. మీ పిల్లలకు అది చదవడం రాకపోతే, నేర్పడానికి దానికంటె మంచి వాచకం నాకు తెలియదు.